సీరియల్ నటి బిగ్‌బాస్‌కి వెళ్తోంది: బయట ఉండి మేం చూసుకోవాల్సినవి ఏంటి?

కృష్ణానగర్_డేట్స్ అడిగిన ప్రశ్న:

ఒక సీరియల్ నటి డేట్లు, పేమెంట్లు, ఇన్‌స్టా నేనే చూస్తుంటాను. తెలుగు బిగ్‌బాస్ వచ్చే సీజన్‌కి మాటలు దాదాపు ఖాయమయ్యాయి. పేరు చెప్పలేను, అర్థం చేసుకోగలరు. సెప్టెంబర్ మొదట్లో లోపలికి వెళ్తే, చివరిదాకా ఉంటే డిసెంబర్ మూడో వారం. అంటే పదిహేను వారాలు ఆమె చేతిలో ఫోన్ ఉండదు, సంతకం పెట్టడానికి మనిషి దొరకదు.

తెలిసినవాళ్లు ఈ నాలుగూ చెప్పండి:

అగ్రిమెంట్‌లో సంతకానికి ముందు ఏ లైన్లు చూసుకోవాలి?
సోషల్ మీడియా, ఓట్ల ప్రచారం ఎలా నడపాలి? ఓట్లు వేయిస్తామని ఏజెన్సీలు ఇప్పటికే ఫోన్లు చేస్తున్నాయి.
బట్టలు, మందుల సంగతి.
అన్నిటికంటే ముఖ్యమైంది, ఇంటింటా తెలిసిన మొహాలు చాలాసార్లు ఎందుకు గెలవలేకపోతున్నాయి? మా అమ్మాయికి ఏం చెప్పి పంపాలి?

అగ్రిమెంట్_మూడో_పేజీ:

మొదటిదానికి నేను చెప్తాను. అందరూ వారానికి ఎంత అన్న అంకె దగ్గరే ఆగిపోతారు. దానికంటే ఇంట్లోంచి ఏ దారిన బయటికొస్తే ఎంత చేతికొస్తుందన్నది ముఖ్యం. బయటికొచ్చే దారులు నాలుగు: ఓట్లు తక్కువై ఎలిమినేట్ కావడం, ఆరోగ్యం బాగోక రావడం, తనంతట తాను వెళ్లిపోతాననడం, నియమం మీరితే షో వాళ్లే పంపించేయడం. ఈ నాలుగింటికీ డబ్బు లెక్క వేర్వేరుగా రాసి ఉందా లేదా చూడండి. "ఎగ్జిట్" అని ఒకే మాటలో ఉంటే విడదీసి రాయించండి.

ఇది ఊహకి చెప్తున్న మాట కాదు. సీజన్ 1లో సంపూర్ణేష్ బాబు ఆ నాలుగ్గోడల మధ్య ఉండలేనని తానే వచ్చేశారు. సీజన్ 4లో గంగవ్వ, నోయెల్, సీజన్ 5లో జెస్సీ ఆరోగ్యం కారణంగా మధ్యలో వచ్చారు. జెస్సీది వర్టిగో. కళ్లు తిరిగే మనిషిని ఫిజికల్ టాస్క్‌లో దింపడం కుదరదు కదా. ఆరోగ్యం కారణంగా వచ్చినా, మానసికంగా తట్టుకోలేక డాక్టర్ సలహాతో వచ్చినా వాకౌట్ పెనాల్టీ పడదని స్పష్టంగా రాసి ఉండాలి. డాక్టర్ అంటే ఎవరు, వాళ్ల డాక్టర్ ఒక్కరి మాటేనా, రెండో అభిప్రాయానికి అవకాశం ఉందా అన్నది కూడా ఆ పేరాలోనే తేల్చుకోండి.

కనీసం ఇన్ని వారాలకి డబ్బు గ్యారంటీ అన్నది అడగండి. పేరున్న మొహాలకి అడిగే హక్కు ఉంటుంది. మొదటి వారమే బయటికొస్తే వదులుకున్న సీరియల్ డేట్ల నష్టం ఒక వారం పారితోషికంతో పూడదు.

షో అయ్యాక ఎన్ని నెలలు వేరే ఛానెల్‌లో కనిపించకూడదు? ఎగ్జిట్ ఇంటర్వ్యూ, బిగ్‌బాస్ బజ్ (బయటికొచ్చినవాళ్లతో షో వాళ్లే చేసే ఇంటర్వ్యూ కార్యక్రమం) అయ్యేదాకా యూట్యూబ్ ఛానెళ్లకి మాట్లాడకూడదా? ఆ తర్వాత మాట్లాడినా ఏ సంగతులు బయటపెట్టకూడదు? ఆమె సీరియల్ ఇంకో ఛానెల్‌ది అయితే ఇదే పెద్ద తలనొప్పి. సీరియల్ నిర్మాత దగ్గర అభ్యంతరం లేదని కాగితం మీద తీసుకోండి, తారీఖుతో సహా. "వెళ్లిరామ్మా, ట్రాక్ ఆపి ఉంచుతాం" అన్న మాట మూడో వారానికి ఎవరికీ గుర్తుండదు. తిరిగొచ్చేసరికి ఆ పాత్రలో వేరే అమ్మాయి ఉంటుంది.

బ్రాండ్ ఒప్పందాలు కూడా ఇప్పుడే బయటికి తీయండి. నెలకి రెండు రీల్స్ అని ఒప్పుకుని ఉంటే ఆ పదిహేను వారాల రీల్స్ ముందే తీసిపెట్టాలి, లేదా గడువు జరిపించుకోవాలి. ముందే తీసిన రీల్‌లో ఆమె బయట తిరుగుతున్నట్టు కనిపిస్తే "లోపల లేదా ఏంటి" అని కామెంట్లు మొదలవుతాయి. అందుకే పోస్ట్ కింద ముందే షూట్ చేసిందని రాయండి.

వెళ్లడానికి ముందు కొన్ని రోజులు హోటల్‌లో ఫోన్ లేకుండా ఉంచుతారు. కాబట్టి మీ గడువు లాంచ్ రోజు కాదు, హోటల్ రోజు. దానికి వారం ముందే ఈ పనులు పూర్తి కావాలి:

ఈఎంఐలు, అద్దె, కరెంటు, ఇన్సూరెన్స్ ప్రీమియం అన్నీ ఆటో డెబిట్‌లో ఉండాలి. ఆ ఖాతాలో నాలుగు నెలలకి సరిపడా డబ్బు ఉంచండి. బ్యాంకు పనులకీ, ఇంటి పనులకీ మాత్రమే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇంట్లోవాళ్ల పేరున రాయించండి. జనరల్ పవర్ వద్దు, అంత అధికారం ఎవరికీ అక్కర్లేదు. సిమ్ ఎవరి దగ్గర ఉంటుందో ఒక్క మనిషిని తేల్చండి, ఆ సిమ్‌కి రీఛార్జ్ అయిపోకుండా చూడండి. రీఛార్జ్ లేక సిమ్ ఆగిందంటే ఓటీపీలు ఆగుతాయి, దానితో మిగతావన్నీ ఆగుతాయి.

సీజన్ మధ్యలో సెప్టెంబర్ 15, డిసెంబర్ 15 అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాలు పడతాయి. జీఎస్టీ ఉంటే ప్రతినెలా 20న రిటర్న్. ఆడిటర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టండి.

ఓటు_లెక్క:

నాలుగో ప్రశ్నకి నా సమాధానం. కొంచెం పెద్దదే, కానీ మీరు అడిగినవాటిలో అసలైనది ఇదే.

గెలిచినవాళ్ల వరస చూడండి. శివబాలాజీ, కౌశల్, రాహుల్ సిప్లిగంజ్, అభిజీత్, సన్నీ, రేవంత్, పల్లవి ప్రశాంత్, నిఖిల్, సీజన్ 9లో కల్యాణ్ పడాల. టీవీ సీజన్లలో ఇప్పటిదాకా ఒక్క ఆడపిల్లా గెలవలేదు. గెలిచింది బిందు మాధవి, అదీ 2022లో ఓటీటీలో వచ్చిన బిగ్‌బాస్ నాన్‌స్టాప్‌లో. రన్నరప్‌లు చూస్తే సీజన్ 2లో గీతా మాధురి, సీజన్ 3లో శ్రీముఖి, సీజన్ 9లో తనూజ. ముగ్గురూ లోపలికి వెళ్లేనాటికే జనానికి బాగా తెలిసినవాళ్లు. సీజన్ 5లో యాంకర్ రవి లాంటి మొహం పన్నెండో వారంలో బయటికొచ్చింది. తెలిసిన మొహం మొదటి నాలుగైదు వారాలు గట్టెక్కిస్తుంది, ఫైనల్ దాకా మోయలేదు. ఎందుకంటే:

ఒకటి, ఓటు అన్నది నామినేషన్‌లో ఉన్నవాళ్లకే, అంటే ఆ వారం ఎవరు బయటికి వెళ్లాలని ఇంట్లోవాళ్లు పేర్లు చెప్పారో వాళ్లకే పడుతుంది. ప్రతి వారం నామినేట్ అయ్యే మనిషికి ఓటు వేయడం అభిమానులకి అలవాటవుతుంది. రాత్రి ఎపిసోడ్ అయ్యాక యాప్ తెరవడం, ఇంట్లో మిగతా ఫోన్ల నుంచి మిస్డ్ కాల్ ఇవ్వడం, గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టడం. సీజన్ 2లో కౌశల్ పేరు నామినేషన్లలో ఎంత తరచుగా వచ్చిందో, బయట కౌశల్ ఆర్మీ అన్న అభిమానుల గుంపు అంత గట్టిపడింది. పేరున్న మనిషితో గొడవెందుకని ఇంట్లోవాళ్లు నామినేట్ చేయకపోతే ఆరు వారాలు సుఖంగా గడుస్తాయి. ఏడో వారం నామినేషన్‌లోకి వచ్చినప్పుడు ఓటు వేసే యంత్రాంగమే బయట ఉండదు. ఇంటి కెప్టెన్ అయితే వచ్చే ఇమ్యూనిటీ (నామినేషన్ నుంచి రక్షణ) కూడా ఇలాంటిదే, వారం గడుస్తుంది కానీ ఓటర్లు పెరగరు. మీ అమ్మాయి మొదటి రెండు మూడు వారాల్లో నామినేట్ అయితే కంగారు పడకండి. పేరు తాజాగా ఉన్నప్పుడే ఆ అలవాటు పడటం మేలు.

రెండోది సీరియల్ వాళ్లకి ప్రత్యేకం. సీరియల్ చూసే అమ్మలు, అత్తయ్యలు షో కూడా చూస్తారు. కానీ చూసేది టీవీలో, ఓటు ఉండేది జియోహాట్‌స్టార్ యాప్‌లో. ఆ అభిమానం ఓటుగా మారేది మిస్డ్ కాల్ దగ్గరే. ఇటీవలి సీజన్లలో ఒక లాగిన్‌కి రోజుకి ఒక ఓటు, ఒక ఫోన్ నంబర్‌కి ఒక మిస్డ్ కాల్. ముందు సీజన్లలో లాగిన్‌కి పది ఓట్లుండేవి, అప్పుడు కొద్దిమంది గట్టి అభిమానులు చాలా లాగేవారు. ఇప్పుడు తలలు కావాలి. అందుకని మీ పోస్టర్‌లో ఫోటో చిన్నదైనా పర్వాలేదు, నంబర్ పెద్దది ఉండాలి. కంటెస్టెంట్ల నంబర్లు దాదాపు ఒకేలా ఉండి చివరి అంకెల్లోనే తేడా ఉంటుంది. తప్పు నొక్కితే ఓటు ఎదుటివాళ్లకి పోతుంది. సోమవారం నామినేషన్ ఎపిసోడ్ అయ్యాక లైన్లు తెరుచుకుని శుక్రవారం రాత్రికి మూసేస్తారు. శనివారం పోస్టర్ వేస్తే వృథా.

మూడోది, ఇమేజ్ కాపాడుకోవడం. సీరియల్‌లో మంచి కోడలుగా చేసిన అమ్మాయి లోపల కూడా ఎవరినీ నొప్పించకూడదనుకుంటుంది. ఇరవైనాలుగు గంటల్లోంచి మనకి కనిపించేది గంట, ప్రకటనలు పోతే ఇంకా తక్కువ. ఎవరితోనూ విభేదించని మనిషి ఆ గంటలో ఉండదు. "కనిపించట్లేదు" అన్న మాట పడిందంటే "సేఫ్ గేమ్" అన్న ముద్ర వెనకే వస్తుంది. శనివారం హోస్ట్ నాగార్జున గారు నిలదీసేదీ దాని గురించే. గొడవ పెట్టుకోమని కాదు. అభిప్రాయం ఉంటే ఆ రోజే, ఆ మనిషి ముందే చెప్పాలి. రాత్రి బెడ్‌రూమ్‌లో వేరేవాళ్ల చెవిలో చెప్తే అది కూడా టెలికాస్ట్ అవుతుంది, అప్పుడు వెనక మాట్లాడే మనిషి అవుతుంది.

సోమవారం నామినేషన్ ఎలా చేయాలో కూర్చోబెట్టి నేర్పించండి. ఎడిటింగ్ అయ్యాక ఒక్కో జంటకి మిగిలేది నిమిషమో రెండో. మొదటి వాక్యంలోనే ఎప్పుడు, ఏ టాస్క్‌లో, ఏం జరిగిందో రావాలి. రెండో వాక్యంలో దానివల్ల ఎవరికి నష్టమో. అక్కడితో ఆపాలి. "మన మధ్య బాండింగ్ కుదరలేదు", "నువ్వు స్ట్రాంగ్ కాబట్టి" లాంటి కారణాలు చూసేవాళ్లకి చిరాకు. "బుధవారం రెండో రౌండ్‌లో సంచాలక్‌గా ఉండి గీత దాటడం చూసి కూడా ఆపలేదు, దాంతో మా టీమ్ కెప్టెన్సీ రేసులోంచి పోయింది" అంటే జనం ఆ క్లిప్ వెతుక్కుంటారు (సంచాలక్ అంటే టాస్క్‌కి రిఫరీ). ఎదుటివాళ్లు తనని నామినేట్ చేసేటప్పుడు మధ్యలో అడ్డుపడకూడదు. ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఎవరి పాయింటూ వినపడదు, వినపడని ముక్కని ఎడిటర్ తీసేస్తాడు.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. ఆమె సీరియల్‌లో సొంత డబ్బింగేనా? కాకపోతే ప్రేక్షకులు ఆమె గొంతు వినడం ఇదే మొదటిసారి. ఆ గంభీరమైన గొంతు ఎక్కడ, ఈ గొంతు ఎక్కడ అని మొదటి రెండు రోజులు తేడా కొడుతుంది. కన్నడ నుంచో మలయాళం నుంచో వచ్చిన అమ్మాయైతే తెలుగు మీద ఇప్పుడే కూర్చోండి. లోపల తెలుగే మాట్లాడాలన్నది నియమం. యాస ఉంటే జనం ఏమీ అనుకోరు, మైసూరు అబ్బాయి నిఖిల్ సీజన్ 8 గెలిచాడు. కోపంలో నోటికి తెలుగు రాక ఇంగ్లిష్‌లోకి జారిపోతే మాత్రం పాయింట్ పోతుంది. కోపంలో మాట్లాడే తెలుగు సాధన చేయించండి.

కృష్ణానగర్_డేట్స్:

గొంతు సంగతి అస్సలు అనుకోలేదండీ. డబ్బింగ్ వేరేవాళ్లదే. వెళ్లే లోపల లైవ్‌లు, ఇంటర్వ్యూలు సొంత గొంతుతో పెట్టిస్తాను. ఏజెన్సీల సంగతి ఎవరైనా చెప్పండి. ట్రోల్స్‌కి జవాబివ్వాలా వద్దా కూడా.

పేజీ_అడ్మిన్_విజయవాడ:

ఏజెన్సీకి ఓట్ల కోసం ఒక్క రూపాయి ఇవ్వకండి. లాగిన్‌కి ఒక ఓటు, నంబర్‌కి ఒక కాల్ అన్నప్పుడు వాళ్లు లక్షల ఓట్లు ఎక్కడినుంచి తెస్తారు? సాధారణంగా చూపించేది యూట్యూబ్ కమ్యూనిటీ పోల్స్, వెబ్‌సైట్లలో అనధికార పోల్స్. వాటికీ అసలు లెక్కకీ సంబంధం లేదు. పైగా అలాంటి పోల్‌లో మొదటి స్థానం చూసి అసలు అభిమానులు "మనం సేఫ్" అని ఓటు వేయడం మానేస్తారు. అదీ నష్టమే. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే మంచి వీడియో ఎడిటర్‌ని పదిహేను వారాలకి పెట్టుకోండి. ఎపిసోడ్ అయిన గంటలోపు నలభై సెకన్ల క్లిప్, కింద తెలుగులో సబ్‌టైటిల్స్. రాత్రి పదకొండున్నరకి వచ్చిన క్లిప్ తిరిగినట్టు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది తిరగదు. ఒక్క జాగ్రత్త, ఛానెల్ ఫుటేజ్ ఎంత వాడుకోవచ్చో ముందే అడగండి. కాపీరైట్ స్ట్రైక్ పడి అకౌంట్ ఆగితే సీజన్ మధ్యలో తిరిగి తెప్పించుకోవడం కష్టం.

అకౌంట్ల దగ్గర ఎక్కువమంది పాస్‌వర్డ్ చేతికిచ్చి ఊరుకుంటారు. కొత్త ఫోన్‌లోంచి లాగిన్ చేయగానే ఆమె నంబర్‌కి కోడ్ వెళ్తుంది, ఆ సిమ్ అప్పుడు మీ చేతిలో ఉండకపోవచ్చు. అందుకని ఆమె ఉండగానే ఆథెంటికేటర్ యాప్ మీ ఫోన్‌లో కట్టించండి, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకి ఇవ్వండి, మీ ఫోన్‌లో ఒక వారం వాడి చూడండి. ఫేస్‌బుక్ పేజీకి పాస్‌వర్డ్ అక్కర్లేదు, మెటా బిజినెస్ సూట్‌లో మనుషులకి విడివిడిగా అనుమతి ఇవ్వొచ్చు. పోస్ట్ చేసేవాళ్లు ఇద్దరికి మించొద్దు. ఆమె పాత చాట్లు, డీఎమ్‌లు చూసే వీలు టీమ్‌కి ఉంటుందని ఆమెకి ముందే చెప్పండి. వద్దనుకున్నవి ఆమే తీసేసుకుంటుంది.

పాత పోస్టులు కూడా వెనక్కి వెళ్లి చూడండి. లాంచ్ రాత్రే జనం తవ్వడం మొదలుపెడతారు.

ట్రోల్స్‌కి అఫీషియల్ పేజీ నుంచి జవాబు ఇవ్వొద్దు. ఎదుటి కంటెస్టెంట్ అమ్మానాన్నల్ని, పెళ్లిని, కులాన్ని లాగే పోస్ట్ మీ అభిమానుల పేజీల్లో కనిపిస్తే ఆ అడ్మిన్‌తో మాట్లాడి తీయించండి. ఫ్యాన్ వార్‌లో ఒకరిని తిడితే వాళ్ల అభిమానులంతా ఒక్కటై మీకు ఎదురుగా ఉన్న బలమైన మనిషికి ఓటు వేస్తారు. చివరి మూడు వారాల్లో ఎలిమినేట్ అయినవాళ్ల అభిమానుల ఓట్లు ఎటు పోతాయన్నదే ఫలితం తేలుస్తుంది. వాళ్లని ముందే దూరం చేసుకోకూడదు. ఎవరు బయటికొచ్చినా అదే రాత్రి మీ పేజీ నుంచి మర్యాదగా ఒక వీడ్కోలు పోస్ట్ వెళ్లాలి.

మార్ఫింగ్ ఫోటోలు, బెదిరింపులు మాత్రం ఊరుకునేవి కావు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఆ పోస్ట్ లింక్, ప్రొఫైల్ లింక్, సమయం రాసిపెట్టుకుని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డిలీట్ చేసేశాక లింక్ దొరకదు.

వీకెండ్ ఎపిసోడ్లు ముందే షూట్ అవుతాయి కాబట్టి ఎలిమినేషన్ పేరు శనివారానికే బయట తిరుగుతుంది. నిజమైనా అబద్ధమైనా మీ పేజీ నుంచి ఆదివారం ఎపిసోడ్ పూర్తయ్యేదాకా ఒక్క ముక్క రాకూడదు. అగ్రిమెంట్‌లో గోప్యత లైను మీ టీమ్‌కీ వర్తిస్తుంది.

కాస్ట్యూమ్స్_అక్క:

బట్టల గురించి నేను చెప్తానమ్మా. అన్నీ మొదటిరోజే సూట్‌కేసుల్లో పెట్టి పంపాలనుకోకండి. వారం వారం బయటినుంచి పంపుతారు, తనిఖీ అయ్యాకే లోపలికి వెళ్తాయి. ఒక్కో వారానికి ఒక బ్యాగ్ లెక్కన కట్టండి. టాస్క్‌లకి నాలుగైదు జతలు టీషర్టు, ట్రాక్‌ప్యాంటు, నామినేషన్‌కి ఒకటి, శని, ఆదివారాలకి రెండు మంచివి. వీకెండ్ బట్టలు ఒక్కోటి విడి కవర్‌లో పెట్టి, దాని నగలు, చెప్పులు ఫోటో తీసి అదే కవర్‌లో వేయండి. లోపల ఆమెకి ఫోన్ చేసి "దీనికి ఏ కమ్మలు" అని అడగడానికి వీలుండదు. కాగితం మీద ఏమీ రాయకూడదు, "బాగా ఆడుతున్నావ్" అన్న చిన్న చీటీ ఉన్నా పట్టుకుంటారు.

పెద్ద లోగోలున్నవి, ఇంగ్లిష్ రాతలున్నవి వద్దు, టేపు వేస్తారు లేదా బ్లర్ చేస్తారు. సన్నని గళ్లు, సన్నని చారలు కెమెరాలో అలల్లా కదులుతూ కనిపిస్తాయి. మైక్ ఎప్పుడూ ఒంటి మీదే ఉంటుంది, దాని బ్యాటరీ డబ్బా నడుముకో మెడకో వేలాడుతుంది. నడుము బిగువు జారిపోతే ఆ డబ్బా నిలవదు. పొడుగు గొలుసులు, గలగలలాడే గాజులు మైక్‌కి తగిలి మాట వినపడదు. ఎన్నిసార్లు "మైక్ సరిగా ధరించండి" అని అనిపించుకుంటే అన్నిసార్లు ఆమె మాట పోయినట్టే. జాకెట్లు టాస్క్‌కి రావు, చీర కట్టుకుని పాకాల్సి వస్తే ఇబ్బంది. లోపల పొట్టి లెగ్గింగ్ తప్పకుండా ఉండాలి. కొలతలు ఆరో వారానికి మారిపోతాయి, తిండి తగ్గి సన్నబడతారు. వెనక హుక్స్‌కి రెండు వరసలు, పక్కన కుట్లలో బిగించుకునే వీలు ఉంచండి. డిజైనర్‌కి డబ్బులివ్వాలా, పేరు ట్యాగ్ చేస్తే చాలా అన్నది ఇప్పుడే తేల్చుకోండి, పదిహేను వారాల బిల్లు చిన్నది కాదు.

మందుల్లో కంపెనీ పేరు కాకుండా మందు పేరుతో డాక్టర్ చీటీ ఉండాలి, రెండు కాపీలు. థైరాయిడ్ మాత్ర వేసుకునే అమ్మాయైతే పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. ఆ సంగతి మెడికల్ టీమ్‌కి రాసి ఇవ్వండి. కళ్లద్దాలు ఇంకో జత, లెన్స్ పెట్టేవాళ్లకి ద్రావణం సరిపడా. ఏ ఎలర్జీ ఉన్నా ఫారంలో దాచొద్దు. గుడ్డు పడదనో, మోకాలి పాత దెబ్బ ఉందనో చెప్పకుండా వెళ్తే టాస్క్ మధ్యలో బయటపడుతుంది.

కాఫీ అలవాటు ఎక్కువుంటే వెళ్లే రెండు వారాల ముందు నుంచి తగ్గించండి. లోపల కాఫీపొడి లగ్జరీ బడ్జెట్ (టాస్క్‌లు ఆడి సంపాదించుకునే అదనపు సరుకులు) దయ. ఒక్కసారిగా ఆగితే తలనొప్పి, చిరాకు, మొదటి వారమే కోపిష్టి అన్న పేరు. పగలు పడుకునే అలవాటు కూడా అంతే. కునుకు పడితే కుక్క అరుపులు వేస్తారు, ఇల్లంతటికీ శిక్ష పడొచ్చు.

పద్దుల_పుస్తకం_గుంటూరు:

ట్యాక్స్ మీరు అడగలేదు, కానీ ఇక్కడే లెక్కలు తప్పుతాయి. వారం వారం వచ్చే పారితోషికం వృత్తి ఆదాయం. దాని మీద 10 శాతం టీడీఎస్ కోస్తారు, బట్టలు, మేనేజర్ జీతం, పీఆర్ ఖర్చు మినహాయించుకోవచ్చు. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ 18 శాతం. అగ్రిమెంట్‌లో అంకె పక్కన "జీఎస్టీ అదనం" అని లేకపోతే ఆ 18 శాతం జేబులోంచే పోతుంది.

ప్రైజ్ మనీ వేరే గాటన. ఖర్చులు, మినహాయింపులు ఏవీ ఉండవు, నేరుగా 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. అంటే 31.2. టీవీలో పోటీపడి గెలిచే డబ్బంతా ఇందులోకే వస్తుంది, సూట్‌కేస్ డబ్బుతో సహా (ఫైనల్లో ప్రైజ్ మనీలోంచి కొంత తీసుకుని పోటీ నుంచి తప్పుకోమని ఇవ్వజూపే డబ్బు). 50 లక్షలు గెలిస్తే షో వాళ్లు 15 లక్షలు టీడీఎస్ కోసి 35 ఇస్తారు. అక్కడితో అయిపోయిందనుకుంటారు. ఆ ఏడాది పారితోషికంతో కలిపి మొత్తం ఆదాయం 50 లక్షలు దాటితే 10 శాతం సర్‌ఛార్జ్ కూడా పడుతుంది. అప్పుడు ప్రైజ్ మీద పన్ను 16.5 లక్షలు, సెస్‌తో 17.16 లక్షలు. అంటే 2.16 లక్షలు చేత్తో కట్టాలి, పారితోషికం మీద పన్నుకీ సర్‌ఛార్జ్ కలుస్తుంది. ఫైనల్ డిసెంబర్ 15 తర్వాత వస్తే దీన్ని మార్చి 15 వాయిదాలో కట్టేయండి, వడ్డీ పడదు. కారు లాంటి వస్తువు వస్తే దాని విలువ మీద పన్ను కట్టాకే చేతికిస్తారు. ఆ పన్ను స్పాన్సర్ కడతాడా, మనమా అని అడగండి.

సెక్షన్ నంబర్ల కోసం పాత వ్యాసాలు చూడకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, నంబర్లు మారాయి.

కృష్ణానగర్_డేట్స్:

సూట్‌కేస్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. టాప్ 5 దాకా వెళ్తే తీసుకోమని చెప్పి పంపాలా, వద్దని చెప్పాలా? ఇంట్లో రెండు అభిప్రాయాలున్నాయి.

ఓటు_లెక్క:

ఇప్పటిదాకా జరిగినవి చూడండి. సీజన్ 4లో సోహెల్ 25 లక్షలు తీసుకుని మూడో స్థానంలో ఆగాడు, అభిజీత్‌కి మిగిలింది 25. సీజన్ 6లో శ్రీహాన్ 40 తీసుకున్నాడు, గెలిచిన రేవంత్‌కి నగదు 10. సీజన్ 7లో యావర్ 15, ప్రశాంత్‌కి 35. సీజన్ 8లో లెక్కే మార్చారు, ప్రైజ్ మనీ సున్నా నుంచి మొదలై టాస్క్‌లతో పెరుగుతూ 55 లక్షలకి చేరింది. కాబట్టి పాత అంకెలు పట్టుకుని కూర్చోకూడదు.

సోహెల్ విషయంలో ఒకటి గమనించండి. డబ్బు తీసుకోవడాన్ని జనం తప్పుపట్టలేదు, ఆ డబ్బులో కొంత అనాథలకి ఇస్తానని అక్కడే చెప్పాడు. మూడో స్థానంలో ఉన్న మనిషికి సూట్‌కేస్ లాభమే. మొదటి స్థానంలో ఉన్న మనిషికే నష్టం, టైటిల్ పోతుంది. తన స్థానం లోపలున్న మనిషికి తెలియదు, మీకూ కచ్చితంగా తెలియదు. పైగా ఫ్యామిలీ వీక్‌లో ఇంట్లోవాళ్లు లోపలికి వెళ్లినప్పుడు ఓట్ల సంగతి చెప్పడానికి వీల్లేదు. అందుకే హోటల్‌కి వెళ్లేముందే ఒక అంకె అనుకోండి. చేతికి ఇంత తక్కువైతే వద్దు అని. పద్దుల పుస్తకం గారి లెక్క ప్రకారం సర్‌ఛార్జ్ లేకుండా 15 లక్షలకి చేతికొచ్చేది 10.32, 25కి 17.2, 40కి 27.52. ఆ చేతికొచ్చే అంకెలే ఆమెకి కంఠతా రావాలి. స్టేజి మీద సూట్‌కేస్ తెరిచినప్పుడు లెక్క వేసుకునే తీరిక ఉండదు.

పేజీ_అడ్మిన్_విజయవాడ:

ఫైనల్ రాత్రి సంగతి ఇప్పుడే అనుకోండి. 2023 డిసెంబర్ 17న సీజన్ 7 ఫైనల్ తర్వాత అన్నపూర్ణ స్టూడియోస్ బయట అభిమానులు కొట్టుకున్నారు, ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి, కేసులయ్యాయి. గెలిచినా ఓడినా అక్కడికి రమ్మని మీ పేజీ నుంచి పిలుపు ఇవ్వొద్దు. ఊళ్లో ర్యాలీ పెట్టాలనుకుంటే పోలీసులకి ముందే దరఖాస్తు ఇచ్చి, దారి, సమయం రాయించుకుని, మర్నాడు పగటిపూట పెట్టండి. ఆ రాత్రి ఆమె కారు ఏ గేటు నుంచి బయటికి రావాలో షో వాళ్లు, పోలీసులు చెప్తారు, అదే గేటు నుంచి నేరుగా ఇంటికి. సన్‌రూఫ్ ఎక్కి చేతులూపమని ఎవరడిగినా వద్దని డ్రైవర్‌కి కూడా చెప్పండి.